వీడ్కోలు పెట్టె

కులంబర్ దొర తన దేశం వెళ్ళిపోతున్నాడన్న కబురు సముద్రం అవతలి దీవిలో, బులిలేకా కూలీలు కాపురముండే లైన్లకు పొయ్యిలు రాజేసే వేళకు చేరింది. చెరకు తోటలో కూలీల వెంటపడి పని చేయించే తెల్లవాణ్ణి అక్కడ అందరూ కులంబర్ అనేవారు. ఈ కులంబర్ నోటికన్నా కొరడాతోనే ఎక్కువ మాట్లాడేవాడు.

కబురు తెచ్చినవాడు కూలీల మేస్త్రీ, సర్దారు రామ్ లాల్. బంగళాలో సామాను సర్దడం కళ్ళారా చూశాడట. వచ్చే స్టీమరుకే ప్రయాణమట.

ఎన్నాళ్ళకో లైన్లలో నవ్వులు వినిపించాయి. జ్వరంతో పడుకున్న ద్రౌపదిని కిందటి వారమే ఆ దొర జుట్టు పట్టుకుని తోటకు ఈడ్చాడు. కబురు విన్నాక ఆమె లేచి కూర్చుని, ఇంకాస్త అన్నం పెట్టించుకుని తిన్నది.

దొరకు కానుక ఏదైనా ఇవ్వాలన్నాడు సర్దారు. ఉత్త చేతులతో పంపితే పోతూ పోతూ ఏం చేసి పోతాడోనని అతని భయం. అందరూ ద్రౌపది మొగుడు మునియ్య వైపు చూశారు.

మునియ్య విశాఖ వైపు వడ్రంగి. గిరిమిట్టు అనే కూలి ఒప్పందం మీద వేలిముద్ర వేసి ఓడెక్కాక చెరకు నరకడమే పనయింది. ఒకసారి దొర తనకో నగిషీ పెట్టె చేసిపెట్టమంటే, బండి చక్రాలు తప్ప తనకేమీ రావన్నాడు. ఆ మాటకు వీపు మీద వాతలు తేలాయి. అయినా ఉలి ముట్టలేదు.

ఈసారి ఎవరూ బతిమాలే పని లేకపోయింది.

అక్కడి అడవిలో దొరికే 'వేసి' అనే చెట్టు చెక్క తెచ్చుకుని, తోట నుంచి రాగానే దాని ముందు కూర్చునేవాడు. రాయిలాంటి ఆ చెక్కను చిత్రిక పట్టి నునుపు చేశాడు. ఒక్క మేకు కొట్టకుండా మూలలు ఒకదానిలో ఒకటి దిగేలా బిగించాడు. మూత మీద మామిడి పిందెలు, అంచుల వెంట తీగలు చెక్కాడు. తీగల మధ్య ముత్యపు చిప్ప ముక్కలు పొదిగాడు. గాజు పెంకుతో గీకి, కొబ్బరినూనె పట్టిస్తే పెట్టె అద్దంలా మెరిసింది.

ద్రౌపది దాన్ని చూసి మూతి తిప్పింది. "ఆ సచ్చినోడికా ఇంత పనితనం?"

"ఆడికి కాదే," అన్నాడు మునియ్య. "ఆడు ఎల్లిపోతన్నందుకు."

ఆదివారం అందరూ ఉతికిన బట్టలు కట్టి, డోలక్ వాయిస్తూ బంగళాకు వెళ్ళారు. తల్లీ తండ్రీ తమరేనని రామ్ లాల్ ప్రసంగం చేశాడు. ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక కొంగుల్లో మొహాలు దాచుకున్నారు. దొరకు అది ఏడుపులా కనిపించింది.

దొర పెట్టె అందుకున్నాడు. మూత తెరిచాడు, మూశాడు, చిప్ప ముక్కల మీద వేలితో రాశాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పాడు. వింటున్న కొద్దీ రామ్ లాల్ మొహం వాడిపోయింది.

"ఏటంతన్నాడు సర్దారూ?" అని మునియ్య అడిగాడు.

రామ్ లాల్ తల ఎత్తకుండానే చెప్పాడు: "సాబ్ బోల్తా, మీకు నా మీద ప్రేమ లేదు అని పోతా ఉండెనంట, ఈ పెట్టె చూసి మనసు మారిపోయె, ఇంకా ఐదేండ్లు మనతోనే ఉంటాడంట."