గంట మోగుతున్నప్పుడు

"నీళ్లు తగ్గాయని బాయిలర్ గంట మోగింది. నువ్వెందుకు లేవలేదు?" విచారణకు వచ్చిన ఇంజనీరు మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

ఫ్యాక్టరీలో అందరూ బాబాయ్ అని పిలిచే ఆపరేటర్ తల వంచుకున్నాడు. నిన్న బాయిలర్ గొట్టం పేలి అతని తోటివాడి చేయి కాలిపోయింది. ఇప్పుడు చెప్పే జవాబు మీదే అతని ఉద్యోగం ఉంది.

"అది నాన్నా పులి గంట సార్. ఊరికే మోగుతుంది. బాగు చెయ్యమని చెప్పీ చెప్పీ మా నోళ్లు నొప్పెట్టాయి."

"సాకులు చెప్పకు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గంట మోగుతున్నా కదలకుండా కూర్చుంటే మనుషులు పోతారయ్యా!"

అంతలో పక్క షెడ్డులో రెండో బాయిలర్ గంట మోగింది. బాబాయ్ కదల్లేదు.

"పొద్దుటి నుంచీ ఇదే గోల! మాట వినపడి చావట్లేదు." ఇంజనీరు విసుగ్గా లేచి, తలుపు మూసి, గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు. "ఆఁ, ఇప్పుడు చెప్పు. గంట మోగుతుంటే నువ్వెందుకు..."

అతని చూపు తను పెట్టిన గడియ మీద పడింది. తలుపు అవతల గంట మోగుతూనే ఉంది. అది ఉత్తిదో నిజమో ఇద్దరికీ తెలియదు.

ఇంజనీరు ఒక్క ఉదుటున వెళ్లి గడియ లాగాడు.

"పరిగెత్తు బాబాయ్!"