మూడు చుక్కల గుర్తు

పెట్టె మూత ఎత్తిన బెజారా రెండడుగులు వెనక్కి వేశాడు.

మైనపు కాగితం కింద వనిల్లా కాయల మీద తెల్లగా బూజు.

"దీన్ని బయట పడెయ్యండి. పక్క పెట్టెలకు పాకితే ఊరంతా పస్తులే."

కొనేవాడి పడవ మధ్యాహ్నానికి వస్తుంది. గిడ్డంగిలో ఇంకా పదకొండు పెట్టెలున్నాయి. పేరుకు ఊరి పెద్ద బెజారాయే అయినా, అందరి కళ్ళూ సువావేలు అవ్వ వైపే తిరిగాయి. ఆమెకు ఒక్క వనిల్లా తీగ కూడా లేదు. నలభై ఏళ్ళుగా ఆ కాయల వాసన చూసి మంచీచెడూ చెప్పినందుకు ఊరిచ్చే బియ్యమే ఆమె తిండి.

అవ్వ రమ్ములో ముంచిన గుడ్డతో ఒక కాయ తుడిచింది. బూజు కింద గుండుసూదుల గుర్తు బయటపడింది. మూడు చుక్కలు. దొంగల భయానికి పచ్చికాయ మీదే ప్రతి ఇంటివాళ్ళూ తమ గుర్తు పొడుస్తారు. ఎండినా అది పోదు.

"టుంబు కాయలు," అన్నాడు బెజారా.

"నావే. ఎండబెట్టే ఇచ్చాను. అవ్వ వాసన చూసి బాగున్నాయన్నాకే కట్ట కట్టారు," అన్నాడు టుంబు.

"పోయిన శుక్రవారం కూడా చూసింది," అన్నాడు బెజారా. " బూజు కంటికి కనబడకముందే ఆ ముక్కుకు తెలుస్తుంది. అప్పుడు లేనిది ఇప్పుడెలా వచ్చింది? ఈ వారం గిడ్డంగి కాపలా ఎవరిది?"

కాపలా టుంబుదే.

"ఎండినవి బయట అమ్ముకుని తడివి దూర్చాడు," అంది వెనక నుంచి ఒకామె. "నా కోడిపుంజు మాయమైనప్పుడు కూడా ఇలాగే అమాయకంగా నిలబడ్డాడు."

కొందరు నవ్వారు. బెజారా నవ్వలేదు. పెట్టె పాడుచేసినవాడి ఇంటి కాయ ఏడేళ్ళు ఊరి పెట్టెలోకి రాకూడదు. నిషేధం పడ్డ ఆ గుర్తు చూస్తే బయట కూడా ఎవరూ కొనరు.

టుంబు భార్య జాఫీ చంటిపిల్లను చంకనేసుకుని అవ్వ కాళ్ళ దగ్గర కూలబడింది.

"పొద్దున నువ్వు పొయ్యికి వీపు పెట్టి కూర్చుంటే, అన్నం బొగ్గయిపోతోందని గోడ దూకి వచ్చి కుండ దించింది నేనే కదా అవ్వా. ఆ మాత్రం దయ నాకూ చూపించు. ఇంకొక్కసారి వాసన చూడు. ఇవి తడిగా దూర్చిన కాయలు కావని చెప్పు."

అవ్వ కాయను ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు ఊపిరి పీల్చింది.

ఏటి మలుపులో పడవ కూత వినిపించింది.

బెజారా పుస్తకం తెరిచాడు. "పెట్టె పాడుచేసినవాళ్ళ పేరు నువ్వే చెప్పాలి అవ్వా. మొదటి నుంచీ అదే పద్ధతి."

"చెప్పు," అన్నాడు టుంబు తల వంచుకుని. "నీ ముక్కు మాట కాదనేవాడు ఈ ఊళ్ళో లేడు."

అవ్వ కాయను కింద పెట్టింది. జాఫీ చంకలోని పిల్లను ఒకసారి చూసింది.

"సువావేలు అని రాయి నాయనా, మొన్న వానల్లో నాకు వచ్చిన జ్వరం తగ్గిన రోజు నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు."