కోదండం మోసిన కబురు

గవరయ్య నోరు తెరిచాడు. కోదండం అరచేత్తో ఆ నోరు మూసేశాడు.

“అది కాదన్నా... కూర్మయ్య... బేగి పున్నమ్మని...” అన్నాడు గవరయ్య వేళ్ళ సందుల్లోంచి.

“నాకు తెలుసురా! మల్లీ నోరిప్పినావంటే సంపీగల్ను.”

తెలియకేం? క్రేను గొలుసు తెగి జనపనార బేళ్ళు కూర్మయ్య మీద పడటం ఓడల డాకులో అందరూ చూశారు. నలుగురు అతన్ని దుప్పట్లో మోసుకుపోవడమూ చూశారు. ఆసుపత్రి నుంచి పరిగెత్తుకొచ్చిన గవరయ్య మొహం చూశాక కూర్మయ్య పోయాడని ఇక ఒకరు చెప్పాలా?

పైగా గవరయ్య నోటికి తలుపుల్లేవు. అందులో పడ్డ రహస్యం హౌరాలో బయల్దేరిన మెయిలు కంటే ముందే పలాసలో దిగుతుందని బస్తీలో చెప్పుకుంటారు. కిందటేడు కాసులమ్మ మొగుడు పోతే ఆ కబురు వీధి మొదట్నుంచే కేకేశాడు. బిందె జారవిడిచి కూలబడ్డ కాసులమ్మ ఈనాటికీ ఎవరితోనూ మాట్లాడదు.

కోదండం అలా కాదు. మాటను నాలుక మీద మూడు పొర్లు పొర్లించి, ఉప్పూ కారం చూసుకుని గానీ బయటికి వదలడు. బస్తీలో ఏ చెడ్డ కబురైనా మోసేది అతనే.

“నువ్వు ఆసుపత్రి కాడుండు. పున్నమ్మని నాను తీసుకొత్తాను. నోరు మాత్రం ఇప్పకు.”

మాటలు కూర్చుకుంటూ నెమ్మదిగా నడిచాడు. కూర్మయ్య పెళ్ళాం పున్నమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది.

“ఏటన్నా, ఈయేలప్పుడొచ్చినావు? మా ఆయనేడీ?”

“ముందు రవంత టీ పెట్టు సెల్లీ.”

టీ తాగాడు. కిరసనాయిలు క్యూలో తన చెప్పులు మాత్రమే వరసలో నిలబడి, తను లేకుండానే దుకాణం దాకా నడిచాయని చెప్పాడు. పున్నమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇంకాసేపు ఉండనిద్దామని రెండో గ్లాసు అడిగాడు. అప్పుడన్నాడు:

“కూర్మయ్య కాలు బెనికింది. ఆసుపత్రిలో కట్టు కడతన్నారు. సూసొద్దుమా?”

“ఓలమ్మా! పదన్నా, టాక్సీ ఎక్కుదుము.”

“బెనుకుడికి టాక్సీ ఏటి? తొందరేం లేదు. సీర మార్సుకో.”

టాక్సీ అయితే కంగారుపడుతుందని అతని లెక్క. ఆమె చీర మార్చుకుంది. మొగుడికిష్టమని నాలుగు చేపముక్కలు వేయించి గిన్నెలో సర్దింది. కోదండం వద్దనలేకపోయాడు.

ట్రాము ఎక్కారు. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి అరగంట ఆగింది. “మిఛిల్, దాదా! బోషో!” అని కండక్టరు కూర్చోబెట్టాడు. దేవుడూ తనకే సాయం చేస్తున్నాడనుకున్నాడు కోదండం. బెణికిన కాలు విరిగిందన్నాడు. కాసేపాగి, నెత్తురు చాలా పోయిందన్నాడు. కబురును మెట్టు మెట్టుగా దించాడు. చివరికి, “గుండె దిటవు సేసుకో సెల్లీ” అనేసరికి ఆమెకు అర్థమైంది. కేక పెట్టలేదు. గిన్నెను గుండెలకు హత్తుకుంది.

“నువ్వు కాబట్టి ఇలాగ సెప్పినావన్నా. గవరయ్య అయితే నా పేనం అక్కడే పోను.”

అంత దుఃఖంలోనూ కోదండం ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

ఆసుపత్రి గేటు దగ్గర గవరయ్య ఒక్కడే కూలబడి ఉన్నాడు. వాళ్ళను చూసి లేచాడు. నోరు తెరిచాడు. కోదండం వైపు చూసి మూసుకున్నాడు. జన్మలో మొదటిసారి మాటను నమిలి నమిలి, గొంతు బాగా తగ్గించి అన్నాడు:

“ఇప్పటిదాకా నిన్నే అడిగినాడు సెల్లీ.”