బ్యాటరీ పెద్దాయన

"బ్యాటరీ అయిపోవచ్చిందమ్మా."

"సెల్‌ఫోన్ షాపు ఎదురుగా ఉంది తాతగారూ. ఇది మెదడు ఆసుపత్రి," అంది కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండానే.

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. చొక్కా పై గుండీ తీసి, మెడ ఎముక కింద చర్మంలోంచి ఉబికి ఉన్న అగ్గిపెట్టెంత డబ్బీని చూపించాడు.

"మీరే పెట్టారు, తొమ్మిదేళ్లయింది. తలలోకి తీగ ఉంది. ఇది ఆగిందంటే వణుకు తిరగబెట్టి చేతులాడవు, గుటక కూడా పడదు."

అమ్మాయి గతుక్కుమంది. వాళ్ల నాన్నదీ ఇదే వణుకు రోగం. వచ్చే నెల ఆయనకీ ఇక్కడే ఆపరేషను.

కంప్యూటర్లో వెతికింది.

"మీరు కొత్త వైద్యాన్ని పరీక్షించే ట్రయల్లో చేరినవాళ్లు. ట్రయల్ అయిపోయింది, మీ ఫైలు మూసేశారు."

"ఫైలంటే మూసేశారు. తెరిచిన తలకాయనేం చెయ్యమంటావు తల్లీ?"

ఆమె లోపలికి ఫోన్ చేసింది. పెద్ద డాక్టరుకి మెదడులో ప్రతి నరమూ పేరుతో సహా తెలుసు. మనుషులతోనే చిక్కు.

"ట్రయల్ వాళ్లు మన పేషెంట్లు కారమ్మా. తర్వాత మాకు బాధ్యత లేదని సంతకం పెట్టించుకున్నాం. పంపించెయ్."

ఆ సంతకమూ వణికే చేత్తో పెట్టిందే.

"కుదరదంట తాతగారూ."

"ఏరు దాటాక తెప్ప తగలేశారన్నమాట," అంది వరుసలో ఒకావిడ. ఇందాక అందరికంటే గట్టిగా నవ్వింది ఆవిడే.

"మా నాన్నకీ ఇదే ఆపరేషను," అంది అమ్మాయి, ఏం చెప్పాలో తోచక.

"భయపడొద్దని చెప్పు. నొప్పుండదు. మెలకువగా ఉంచి ఎలా ఉందో అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్తే చాలు."

గుండీ పెట్టుకోబోయాడు. వేళ్లు మాట వినలేదు. ఆమే చెయ్యి చాపి పెట్టింది. మనసు చివుక్కుమంది. అయినా "తర్వాతెవరు?" అంది.

నెల తిరిగింది. నాన్న ఆపరేషను గంటన్నరలో ముగిసింది. మీట నొక్కగానే చేతి వణుకు ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన గ్లాసెత్తి, చుక్క ఒలక్కుండా నీళ్లు తాగాడు.

ఆమెకి ఏడుపు ఆగలేదు. పెద్ద డాక్టరు రెండు చేతులూ పట్టేసుకుంది.

"నా గొప్పేం లేదమ్మా. తీగ ఎక్కడ ఆనాలో మొదట్లో మాకెవరికీ తెలీదు. ఒకాయన పుర్రె తెరిపించుకుని, ఏడు గంటలు మెలకువగా పడుకుని, 'అక్కడ కాదు, ఇంకొంచెం కింద' అంటూ చోటు పట్టించాడు. ఇప్పుడు అందరికీ పెట్టేది ఆ చోటే."

"ఆయన ఎక్కడుంటారు సార్? ఒక్కసారి చూడాలి."

"నెల కిందట బ్యాటరీ కోసం మన కౌంటరుకి వచ్చాడుగా, ఆయనే," అన్నాడు డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "గుటక పడక పోయిన వారమే పోయాడట."