దున్నని మడి

"ఇగ దీని మీద చెయ్యెత్తను, కాకా. ఇంటికి పంపియ్యుండ్రి," అని గంగారాం పంచాయితీ ముందు దండం పెట్టాడు.

కులపెద్ద ముత్తన్న చేతిలో తమలపాకు ఉంది. దాన్ని నిలువునా చింపితే ఆలుమగల బంధం తెగినట్టే. ఆయన చింపకుండా గంగారాం పెళ్లాం లింగవ్వ వైపు తిరిగాడు.

"గింత బతిమాలుతుండు. పోరాదు, బిడ్డా?"

"ఇంటెనక చెరుకు మడి దున్నిపిస్తే పోత, మామా."

అందరూ నవ్వారు. ముత్తన్న కూడా నవ్వాడు.

"గదెంత పని? కొత్త గడ నాటకుంట, కొట్టిన మోడు మీదనే నాలుగేండ్ల సంది పంట తీస్తుండు. రుద్రూర్ చెరుకు ఫారమోళ్లు గూడ దున్నుమనే చెప్పిరి. రేపే నా నాగలి పంపుత, గంగారాం."

"వద్దు!"

"ఎందుకురా?"

"మడి జోలికి రావద్దు. ఆకు చింపుండ్రి. దీన్ని ఇడిసిపెడ్త."

ముత్తన్న నవ్వు ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట, మొదటి పెళ్లాం సాయవ్వ ఎవరితోనో లేచిపోయిందని గంగారాం చెబితే, ఆమె లేకుండానే ఆకు చింపింది తనే.

లింగవ్వ ఆయన కళ్లలోకే చూస్తోంది.

ముత్తన్న ఆకు కింద పెట్టి లేచాడు.

"నాగలొద్దు," అన్నాడు. "గడ్డపారలు తేండ్రి."