చివరి వరసలో చెయ్యి

రెండో పాట మొదలవగానే, సౌండ్ మిక్సర్ పక్కన నిలబడ్డ పెద్దాయన మళ్లీ చెయ్యెత్తాడు.

సౌండ్ ఆపరేటర్ పళ్లు నూరుకున్నాడు.

హాల్లో చివరి వరస వెనకాల ఉంటుంది మిక్సర్. ఈ పెద్దాయన అందరికన్నా ముందే వచ్చి, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, సరిగ్గా దాని పక్కనే నిలబడ్డాడు. ఎవరండీ అంటే, పాట వినడానికి వచ్చానన్నాడు.

మిక్సర్ కొత్తది. గొంతుకు మెరుగులు దిద్దే ఎఫెక్టులన్నీ దాని లోపలే ఉన్నాయి.

రివర్బ్ పెడితే గొంతు ఖాళీ మేడలో పాడినట్టు మోగుతుంది. డిలే పెడితే చివరి మాట వెనకాలే ఇంకోసారి పలుకుతుంది. కోరస్ పెడితే ఒక్క గొంతు నలుగురు కలిసి పాడినట్టు చిక్కబడుతుంది.

ఆపరేటర్‌ది ఏడాదిగా తాత్కాలికపు కొలువు. ఇవాళ్టి కచేరీ బాగా జరిగితే ఖాయం చేస్తానని హాలు మేనేజర్ మాటిచ్చాడు. ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు.

పాడుతున్నావిడ చిన్నా చితకా గాయని కాదు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ వేదికెక్కింది.

పొద్దున సౌండ్ సరిచూసేటప్పుడు, రివర్బ్ సరిపోయిందా, ఇంకా పెంచాలా అని ఆపరేటర్ మైకులో రెండుసార్లు అడిగాడు. ఆమె తల తిప్పలేదు. అంత పేరున్న మనిషికి ఆ మాత్రం బిగువు ఉంటుందిలే అనుకున్నాడు.

ఇప్పుడు పెద్దాయన చెయ్యి మెల్లగా పైకి లేచింది.

పెంచమంటున్నాడు కాబోలని ఆపరేటర్ రివర్బ్ కాస్త పెంచాడు.

చెయ్యి కిందికి దిగింది. తగ్గించాడు.

మళ్లీ లేచింది.

పక్కనే ఉన్న లైట్ల మనిషి ఇదంతా చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంతకీ ఆపరేటరువి నువ్వా, ఆయనా?"

ఆపరేటర్ మొహం మాడిపోయింది.

పైగా గాయని చూపూ ఇటే ఉంది. పల్లవి ఎత్తుకున్నప్పటి నుంచీ ఆమె కళ్లు మిక్సర్ వైపు నుంచి కదల్లేదు. సౌండ్ నచ్చకపోతేనే పాడేవాళ్లు అలా చూస్తారని అతనికి తెలుసు. ఈయన చేతులూపి తన పరువూ, ఉద్యోగమూ రెండూ తీసేలా ఉన్నాడనిపించింది.

మూడో పాట మొదలవగానే తలుపు దగ్గరి మనిషిని సైగ చేసి పిలిచి, పెద్దాయన వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మీరు బయటికి నడవండి."

"ఈ పాట అయ్యేదాకా ఉండనివ్వు బాబూ. నీ పనికి అడ్డం రాను."

"ఇందాకటి నుంచీ వస్తున్నది అడ్డమే కదా."

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. చుట్టుపక్కల నలుగురు తల తిప్పి చూసేసరికి నోరు మూసుకున్నాడు. ఒక్కసారి వేదిక వైపు చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

ఆపరేటర్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

చరణం సగంలో ఉండగా గొంతు శ్రుతి జారింది.

మొదట వెంట్రుకవాసి. తర్వాత వయొలిన్ ఒక దారి, పాట ఒక దారి.

కప్పేద్దామని ఆపరేటర్ కోరస్ పెట్టాడు. నలుగురూ కలిసి జారినట్టయింది.

డిలే పెట్టాడు. తప్పు పలికిన స్వరం రెండోసారి కూడా వినిపించింది.

చెమటలు పట్టి అన్నీ కట్టేశాడు. ఒట్టి గొంతు మిగిలింది. అది ఇంకా దూరం వెళ్లిపోయింది.

ఆమె కళ్లు వెనక వరసల్లో అటూ ఇటూ వెతికాయి. పాట ఆగిపోయింది.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కొందరు లేచారు. మేనేజర్ తెర దించమని చెప్పి, వెనక్కి తిరిగి ఆపరేటర్ వైపు ఒక్క చూపు చూశాడు.

ఆపరేటర్ పరుగున తెర వెనక్కి వెళ్లాడు. కొత్త మిక్సర్ అనీ, తప్పంతా తనదేననీ, రెండు నిమిషాల్లో సరిచేస్తాననీ బతిమాలాడు. ఆమె కిందికే చూస్తూ కూర్చుంది.

అతను ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మీ ముందున్న స్పీకర్ వినపడలేదా అమ్మా?"

ఆమె అతని పెదవులు కదలడం ఆగేదాకా చూసింది.

"నాకు నాలుగేళ్లుగా ఏ చప్పుడూ వినపడదు నాయనా, నీ పక్కన నిలబడ్డ మా తమ్ముడి చెయ్యి చూసుకునే పాడుతున్నాను."