చేప కంటికి గురువారం గడువు

“పాక్ రుస్లీ, అరోవానాకి కన్ను ఎందుకు వాలుతుంది?”

సోమవారం పొద్దున. చేపల కొట్టు షట్టరు ఇంకా సగమే లేచింది. దాని కిందనుంచి వంగి దూరి, అహెంగ్ అడిగిన మొదటి మాట అదే.

పాంటియానాక్‌లో అరోవానా పెంచేవాళ్లందరికీ రుస్లీ పెద్దాయనే దిక్కు. చేపల మాట ఎత్తితే చాలు, కపువాస్ నదికి పోటు వచ్చి దిగిపోయినా ఆయన నోరు ఆగదు.

“కొవ్వు బాబూ, కొవ్వు! ముద్దుకొద్దీ తెల్లపురుగులు మేపుతారు. ఆ కొవ్వంతా కంటి వెనక చేరి గుడ్డుని కిందికి తోసేస్తుంది. ఇక చూస్కో. రాజులాంటి చేప, చెవిదుద్దు పోగొట్టుకున్నదాన్లా జన్మంతా నేల వెతుక్కుంటూ బతుకుతుంది.”

“ఏ పురుగులు?”

“అదిగో, ఆ నీలం డబ్బాలోవి. ఇంతకీ ఏ కన్ను?”

“కుడిది.”

పెద్దాయన నాలుక చప్పరించాడు. “మేత నీళ్లలో మునిగిపోతే అడుక్కి చూసీ చూసీ వాలుతుంది. తొట్టి ఎత్తు మీదుంటే, కింద తిరిగే జనాన్ని చూసీ చూసీ వాలుతుంది. అడుగు అద్దం మెరుస్తుంటే తన నీడనే చూసుకుంటుంది. అడుగున నల్లగుడ్డ, పైన తేలే బంతి ఉండాలి. మా మేనల్లుడు ఒకడు ఇవేవీ వినలేదు. వాడి చేప కన్ను ఎంత వాలిందంటే, కింద ఇంటివాళ్లు వచ్చి పోట్లాడారు, తొంగి చూస్తోందని!”

అహెంగ్ నవ్వలేదు. ఒక్కొక్క వేలే మడిచి లెక్కపెట్టుకున్నాడు.

“గురువారంలోపు తేడా కనిపిస్తుందా?”

“గురువారమా? పోటీకి పెడుతున్నావేంటి? కన్ను కదలాలంటే నెలలు పడుతుందయ్యా, పైకైనా కిందికైనా.”

అహెంగ్ మొహం మాడిపోయింది. పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చాడు.

గుమ్మంలోనే పట్టుకుంది భార్య సియూహ్వా.

“ఏంటా పొట్లం? చేపకేనా?”

“నువ్వుండవే.”

“ఉంటా. నేనే ఉంటా. ఆస్పత్రి కాగితాలు నేనే, కంట్లో చుక్కలు నేనే! మీ అమ్మకి మిగిలింది ఒక్క కన్ను. గురువారం దానికి ఆపరేషన్. చూపు నిలుస్తుందని మాటివ్వలేనన్నాడు డాక్టరు. కన్నకొడుకువి, నువ్వేమో చేపకి పురుగులు మోసుకొస్తున్నావు!”

లోపల బల్ల దగ్గర వాళ్లమ్మ చోయ్ పాన్ చేస్తోంది. పల్చటి పిండి రేకులో కూర పెట్టి, అంచులు నొక్కి మూస్తోంది. చూసి చెయ్యడం మానేసి ఆరునెలలైంది. అంతా వేళ్లతోనే.

“వాడినేమీ అనకే,” అంది ముసలమ్మ. “వాళ్ల నాన్న చేప అది. ఆయన పోయేముందు కూడా నన్ను తలుపు దగ్గరే ఆపేసి, దాన్ని మాత్రం వాడి చేతిలో పెట్టాడు.”

అహెంగ్ తొట్టి దగ్గరికి పోయాడు. ఎర్ర అరోవానా, మూరన్నర పొడవు, నింపాదిగా ఈదుతోంది. మేత సంగతి చూశాడు. బంతి సంగతి చూశాడు. నల్లగుడ్డ సంగతి చూశాడు. రుస్లీ చెప్పినవాటిలో ఒక్కటి కూడా వదల్లేదు.

మంగళవారం వీధిలో నలుగుర్ని పిలిచి తొట్టి చోటు మార్పించాడు. సగం నీళ్లు తోడేసినా అది లేవనంది.

“చాప్ గో మే పండక్కి డ్రాగన్ బొమ్మని మోశాను గానీ, ఇలా నడుం పడిపోలేదురా నాయనా,” అన్నాడు పక్కింటి అఛాయ్. “దీనికన్నా నిన్ను మోసెయ్యడం తేలిక!”

“నెమ్మది! తగిలితే నీ సంగతి చెప్తా!” అని అరిచాడు అహెంగ్. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

బుధవారం పొద్దున చూశాడు. కన్ను ఎక్కడున్నది అక్కడే. మధ్యాహ్నం చూశాడు. అక్కడే. అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. పక్కనుంచి చూశాడు. సియూహ్వాని లాక్కొచ్చి చూపించాడు.

“ఏమన్నా కదిలిందా? కాస్తయినా?”

“నాకది కొన్నప్పట్నుంచీ ఒక్కలాగే కనిపిస్తోంది. చేపలాగ!”

రుస్లీకి ఫోన్ చేశాడు. “చెప్పానుగా, ఓపిక పట్టు,” అన్నాడాయన.

“ఓపికా! మూడ్రోజులైంది! నాకున్నది ఈ ఒక్క సాయంత్రం!” అని ఫోన్‌ని మంచం మీదికి విసిరేశాడు. అది గోడకి తగిలి, మంచం కిందికి దొర్లింది. తియ్యను కూడా తియ్యలేదు.

సాయంత్రం సియూహ్వా ఆస్పత్రి సంచీ సర్దింది. అత్తగారి బట్టలు, చెప్పులు, ఫ్లాస్కు. పొద్దున్నే ఆరింటికి పడవలో నది దాటాలి. ఇంట్లో మొగాడు ఒక్క పని అందుకోలేదు.

“నేను మేలుకున్నాక ఏమీ కనపడకపోతే, వెంటనే చెప్పకండి,” అంది ముసలమ్మ మెల్లిగా. “కాస్సేపు కట్టు ఉందనే అనుకోనివ్వండి.”

సియూహ్వాకి ఒళ్లు మండిపోయింది. తల్లి ఇలా మాట్లాడుతుంటే ఆ మనిషి ఎక్కడ? ఇంకెక్కడ, తొట్టి దగ్గర! ఈసారి చీపురుతోనే మాట్లాడదామని విసవిసా నడిచింది.

అహెంగ్ మోకాళ్ల మీదున్నాడు. చేతుల్లో మూడు అగరొత్తులు వెలుగుతున్నాయి. అద్దం మీద నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ చేపని బతిమాలుతున్నాడు.

“ఇంటి మనిషికి రాసిపెట్టిన కీడు ఇంట్లో చేప తన మీద వేసుకుంటుందని కదా నాన్న నిన్ను తెచ్చాడు, చెయ్యకూడదన్నవన్నీ మూడ్రోజులుగా చేస్తున్నా, తెల్లారితే అమ్మ కుడికన్ను కోస్తారు, నిక్షేపంలా ఉన్న ఆ నీ కుడికన్ను ఒక్కటి వాల్చెయ్యవే తల్లీ!”